బల్లపరుపు నేల, సద్దు లేని దారి, మన సైకిలు
(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 జై హింద్.

నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాదు. ఇంటర్మీడియట్ అయ్యాక భర్తీలో నిలబడి సిపాయిగా చేరాను, సుబేదారుగా పింఛను మీద వచ్చాను. రిటైరైన తర్వాత ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. డాక్టర్లు చెప్పాల్సిన సంగతులు నేను చెప్పకూడదు. నాకు తెలిసింది సైకిలు. కలకత్తా దాటాక మోటారు బండ్ల బెడద లేని పల్లె దారుల్లో సైకిలు తొక్కడం గురించి, ఆ దారులు రేపటికి కూడా మిగలాల్సిన అవసరం గురించి చెబుతాను.

సర్వీసులో ఉన్నన్నాళ్ళూ బి.పి.ఇ.టి. అని 5 కిలోమీటర్లు పరుగెత్తించారు. రైఫిలు, ప్యాక్ మోస్తూ కొండలెక్కించారు. అప్పుడు శరీరం మాట వినేది. సివిల్లోకి వచ్చాక సెక్యూరిటీ ఉద్యోగంలో కుర్చీ, ఇంట్లో టీవీ. పొట్ట పెరుగుతుంది, షుగరు వస్తుంది, మోకాళ్ళు మొరాయిస్తాయి. ఇ.సి.హెచ్.ఎస్. పాలీక్లినిక్ వరసలో నిలబడితే మన బ్యాచీ వాళ్ళందరూ అక్కడే కనిపిస్తారు! పరుగెత్తితే ఒంటి బరువంతా మోకాలి మీద పడుతుంది. సైకిలు మీద ఆ బరువు సీటు మోస్తుంది. అందుకే మన వయసు వాళ్ళకి ఇది పనికొస్తుంది అంటున్నాను.

"కలకత్తా రోడ్ల మీద సైకిలా సాబ్, ప్రాణం మీద ఆశ లేదా?" అని మీరు నవ్వొచ్చు. నిజమే. ఈ నగరంలో సైకిలుకి చోటు తక్కువ. 2008లో పోలీసులు కొన్ని రోడ్ల మీద సైకిళ్ళు ఆపేశారు. 2013లో ఆ లిస్టు 174 రోడ్లకి పెరిగింది. పాలవాడు, పేపరు కుర్రాడు, చేపల బుట్ట కట్టుకుని వచ్చేవాడు జరిమానా కట్టాల్సి వచ్చింది. జనం గోల చేశాక ఆ లిస్టు తగ్గించారు. న్యూటౌన్‌లో సైకిళ్ళకి విడిగా దారి కూడా వేశారు. అయినా పెద్ద రోడ్డు మీద బస్సు పక్కన సైకిలు తొక్కడం మన వయసులో చేసే పని కాదు.

కానీ ఊరు దాటి చూడండి. కలకత్తా సముద్ర మట్టానికి పట్టుమని ముప్పై అడుగుల ఎత్తులో ఉంది. చుట్టూ ఎటు పోయినా బల్లపరుపు నేలే. తూర్పు వైపు బైపాసు దాటితే చిత్తడి నేలలు. 12,500 హెక్టార్లు! 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. ఈ నగరం వదిలే మురుగు నీళ్ళు అక్కడి భేరీల్లో, అంటే చేపల చెరువుల్లో, చేపలకి మేత అవుతాయి. మన భీమవరం, కైకలూరు వైపు నుంచి లారీల్లో చేపలు ఈ ఊరికి వస్తాయని మీకు తెలుసు. ఆ చెరువుల గట్లు చూసినవాళ్ళకి ఈ భేరీల గట్లు చూస్తే సొంత ఊరు గుర్తొస్తుంది. ఆ గట్ల మీద సైకిళ్ళు, మనుషులు, కొంగలు, అంతే.

దక్షిణంగా క్యానింగ్ దాకా రైలుంది. అది దాటితే సుందరవనాల ద్వీపాలు. అక్కడ ఉప్పునీటిని ఆపే కరకట్టలే సుమారు 3,500 కిలోమీటర్లు. చాలాచోట్ల ఆ కట్ట మీద దారే ఊరికి రోడ్డు. 2009 మే నెలలో ఐలా తుఫానుకి, 2020 మేలో ఆంఫాన్‌కి ఎన్నోచోట్ల కట్టలు తెగి పొలాల్లోకి ఉప్పునీరు వచ్చింది. కాబట్టి ఆ దారిన పోయేటప్పుడు ఒక మర్యాద పాటించాలి. వాన పడి తడిసిన మట్టి కట్ట మీద సైకిలు దింపకూడదు. చక్రం గాడి పడుతుంది, గాడిలో నీళ్ళు నిలుస్తాయి. మనకది షికారు దారి, వాళ్ళకది ప్రాణం కాపాడే గోడ.

ఆ దారుల్లో పొద్దున్నే బడి పిల్లలు గుంపులుగా సైకిళ్ళ మీద వస్తారు. 2015లో రాష్ట్ర ప్రభుత్వం 'సబుజ్ సాథీ' అని 9 నుంచి 12 తరగతుల పిల్లలకి సైకిళ్ళు ఇవ్వడం మొదలుపెట్టింది. కోటికి పైగా ఇచ్చారు. పెద్ద క్లాసుకొచ్చిన ఆడపిల్లకి బడి దూరమైతే చదువు మానిపించే ఇళ్ళెన్నో. ఆ పిల్ల చేతికి సైకిలు వస్తే దూరం తగ్గుతుంది. అయితే సైకిలు ఇచ్చినంత మాత్రాన చాలదు. ఆ పిల్ల భయం లేకుండా తొక్కే దారి కూడా ఉండాలి.

"ఎత్తుపల్లాలు లేని నేల మీద ఏముంది, విసుగు" అంటారు కొందరు. వాళ్ళు గాలి సంగతి మరిచిపోయారు. బల్లపరుపు నేల మీద ఎదురుగాలే కొండ. చలికాలంలో ఇక్కడ ఉత్తరపు గాలి, చైత్రం వచ్చాక దక్షిణపు సముద్రపు గాలి. అందుకని వెళ్ళేటప్పుడు గాలికి ఎదురు వెళ్ళండి, అలసిపోయి వచ్చేటప్పుడు గాలే వెనకనుంచి తోస్తుంది. చైత్ర వైశాఖాల్లో మధ్యాహ్నం దాటితే కాలబైశాఖి గాలివాన రావచ్చు. బయలులో మన తలే అన్నిటికన్నా ఎత్తు. చెట్టు కిందికి పోకుండా పక్కా ఇల్లు చూసుకోవాలి. తెల్లవారుజామున బయలుదేరి, గంటకి 15 కిలోమీటర్ల చొప్పున మూడు గంటలు తొక్కితే 45 కిలోమీటర్లు. ఎండ ముదిరే లోపల ఇంట్లో ఉంటాం. గేర్ల సైకిలు అక్కర్లేదు. బ్రేకులు, గాలి, బెల్లు చూసుకోండి. పంచర్ సామాను, నీళ్ళ సీసా, వెలిగే లైటు ఉంటే చాలు. హుగ్లీ దాటాలంటే పడవ రేవుల్లో సైకిలుకి కూడా టిక్కెట్టు ఇస్తారు. దారిలో మూడీ (మన మరమరాలే), మట్టి ముంతలో చాయ్ దొరుకుతాయి. "కోథాయ్ జాబెన్ దాదా?" అని అడగని పల్లె ఉండదు.

సైకిలంటే లేనివాడి బండి అని చిన్నచూపు మనవాళ్ళలో కూడా ఉంది. ఫౌజీకి ఆ మాట తగదు. 1941 డిసెంబరులో మలయాలో దిగిన జపాను సైన్యం సైకిళ్ళ మీద దూసుకొచ్చి 1942 ఫిబ్రవరి 15కల్లా సింగపూరు పట్టుకుంది. 1954లో దియన్ బియన్ ఫూ దగ్గర వియత్నాం వాళ్ళు సైకిళ్ళ మీద బియ్యం మోసి ఫ్రెంచి వాళ్ళని ఓడించారు. అంతెందుకు, ఈ కలకత్తా నుంచే 1926లో బిమల్ ముఖర్జీ సైకిలు మీద ప్రపంచ యాత్రకి బయలుదేరి 1937లో తిరిగొచ్చారు.

ఇక అసలు సంగతి. సద్దు లేని దారి ఆకాశం నుంచి ఊడిపడదు. స్పెయిన్ దేశం చూడండి. అక్కడ కాస్టిలియా అనే బల్లపరుపు గోధుమ నేలలో 1753లో మొదలుపెట్టి 1849 దాకా 207 కిలోమీటర్ల కాలువ తవ్వారు, పడవల్లో ధాన్యం తోలడానికి. రైలు వచ్చి పడవల్ని దెబ్బకొట్టింది. ఇప్పుడు పడవని లాగిన జంతువులు నడిచిన గట్టు దారి సైకిళ్ళది. తర్వాత కొన్ని రైలు లైన్లు కూడా మూతపడ్డాయి. 1993 నుంచి వాటిని 'వియాస్ వెర్దెస్', అంటే పచ్చని దారులు, అని నడిచేవాళ్ళకి, సైకిళ్ళకి వదిలారు. అవి 3,000 కిలోమీటర్లకి పైనే. రైలు నిటారుగా ఎక్కలేదు కాబట్టి ఆ దారుల్లో ముసలివాళ్ళు కూడా తొక్కగలరు. మోటారు బండ్లని రానివ్వరు.

మనకి కాలువలు లేవా? 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర, నీళ్ళతోపాటు పడవలు కూడా నడిచే కాలువలు ఇచ్చాడు. పడవలు పోయాయి. గట్లు మిగిలాయి. కానీ రాజమండ్రి నుంచి సామర్లకోట మీదుగా కాకినాడ వెళ్ళే కాలువ గట్టు ఇప్పుడు లారీల రోడ్డు. అక్కడ సైకిలు తొక్కేవాడు దేవుడికి దండం పెట్టుకుని తొక్కాలి. ఇక్కడ హావ్‌డా నుంచి ఆమ్తా దాకా 1897లో వేసిన చిన్న రైలు 1971లో ఆగిపోయింది. ఆ పాత లైనుని నడకకీ సైకిలుకీ ఉంచుకుందామన్న ఆలోచన ఎవరికీ రాలేదు. హైదరాబాదులో 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి, పైన సోలార్ కప్పుతో, కొత్తగా కట్టారు. సంతోషమే. కానీ పాత గట్లు పోగొట్టుకుని కొత్త దారి కట్టాలంటే కోట్లు కావాలి. ఉన్నదాన్ని నిలబెట్టుకోవడానికి మనుషులు చాలు. నడిచేవాడు లేని దారిని ముళ్ళకంప మూసేస్తుంది, లేదా ఎవడో ఆక్రమిస్తాడు, లేదా లారీ వస్తుంది.

అందుకని నా మనవి మూడు ముక్కలు. ఒకటి, నెలకో ఆదివారం మన సంఘం తరఫున పది మందిమి కలిసి ఒక పల్లె దారి పట్టుకుందాం, భార్యాపిల్లలు కూడా రావచ్చు. రెండు, దారిలో గట్టు తెగినా, గేటు విరిగి లారీలు దూరుతున్నా, పది సంతకాలతో పంచాయతీకి అర్జీ ఇద్దాం. రిటైరైన ఫౌజీ సంతకానికి ఇంకా విలువుంది. మూడు, సొంతూరు వెళ్ళినప్పుడు అక్కడి కాలువ గట్టు మీద కూడా ఒకసారి తొక్కి, ఆ దారి సంగతేమిటని సర్పంచిగారిని అడగండి.

సర్వీసులో మనకి నేర్పిన మొదటి పాఠం, పట్టుకున్న నేలని వదలొద్దని. ఈ గట్లు కూడా అలాంటివే.  వచ్చే ఆదివారం ఉదయం 5 గంటలకి, గాలి కొట్టించుకుని రండి.

జై హింద్.