అలబామాలో రెండవ స్థానం



కాగితంపై గీసిన గీత మనిషిని ఎంత దూరం తిప్పగలదో గుమాస్తా కొలువులో చూచినవారము. కనుకనే అమెరికా దక్షిణాదిన ఉన్న అలబామా రాష్ట్రపు సంగతి మమ్మల్ని ఆకట్టుకున్నది.

ఆ రాష్ట్రానికి ప్రతినిధుల సభలో 7 స్థానాలు. జనాభాలో నాలుగోవంతుకు పైగా నల్లజాతివారు. వారిలో అత్యధికులు డెమొక్రాట్లకు ఓటు వేస్తారు. సరిహద్దులు నిర్ణయించే శాసనసభ రిపబ్లికన్లది. 2021 పటంలో నల్లజాతివారు అధికసంఖ్యలో ఉన్న నియోజకవర్గం ఒక్కటే. మాంట్‌గోమరీ ప్రాంతాన్ని ముక్కలు చేసి పంచివేశారు. ఎవరి పేరూ ఓటర్ల జాబితా నుండి పోలేదు, ఓటు బలమే పోయింది.

బాధితులు 1965 నాటి ఓటుహక్కుల చట్టం ఆధారంగా కోర్టుకెక్కారు. అన్యాయమని మొరపెట్టుకొని ఊరుకోలేదు. రెండు స్థానాలు ఎట్లా సాధ్యమో చూపుతూ 11 నమూనా పటాలను జనగణన లెక్కలతో సహా ముందుంచారు. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు 5–4 తేడాతో వారి పక్షం వహించింది. శాసనసభ మళ్లీ పటం గీసింది, మళ్లీ ఒక్కటే! తీర్పు చేతికందిన తరువాత కూడా తిరుగుట తప్పకపోవడం మనకూ తెలియనిది కాదు. చివరకు కోర్టు నియమించిన నిపుణులే పటం సిద్ధపరచారు.

2024లో 2వ నియోజకవర్గం నుండి షొమారీ ఫిగర్స్ గెలిచారు. అంతకుముందే సభలో ఉన్న టెర్రీ స్యూయెల్‌తో కలిపి, ఆ రాష్ట్రం నుండి ఇద్దరు నల్లజాతి సభ్యులు ఒకేసారి కూర్చొనడం అదే మొదటిసారి.