తలపై కత్తి, చేతిలో నూనెపాత్ర

(సూరత్ నగరం ఆల్థాన్‌లో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



‘తలపై కత్తి వేలాడుతోంది’ అనే మాట మన పత్రికలలో నిత్యం కనిపిస్తుంది. ఇంగ్లీషువారు ‘డెమొక్లీస్ ఖడ్గం’ అనేది దీనినే. ఏ క్షణాన మీద పడుతుందో తెలియని ఆపదను గూర్చిన భయమని నేడు దాని అర్థం. క్రీ.పూ. 45లో సిసిరో ఈ కథను వేరొక ప్రయోజనంతో చెప్పాడు. సిరక్యూజ్ ప్రభువు డయొనీసియస్ వైభవాన్ని డెమొక్లీస్ అనే భట్రాజు పొగిడాడు. ప్రభువు అతనిని బంగారు ఆసనంపై కూర్చుండబెట్టి, విందు అమర్చి, నెత్తిపై ఒక్క గుర్రపు వెంట్రుకకు కత్తిని కట్టించాడు. డెమొక్లీస్ సెలవిప్పించమని వేడుకొన్నాడు. అది రాజుల తలపై కత్తి. మగ్గం ముందు నిలిచినవాని కథ అందులో లేదు.

మన వాఙ్మయంలో దీనికి సోదరకథ ఉన్నది. అశోకుని తమ్ముడు వీతశోకుడు భిక్షువులు సుఖలోలురని ఆక్షేపించేవాడని అశోకావదానం చెబుతుంది. అశోకుడు అతనికి ఏడు దినాల రాజ్యమిచ్చి, ఆ పిమ్మట మరణదండన అన్నాడు. తలారులు దినదినమూ గంట మ్రోగించి మిగిలిన గడువు చాటారు. ఏడవనాడు సంగీతం ఎట్లున్నదని అన్న అడిగితే, తాను విననే లేదన్నాడు తమ్ముడు. డెమొక్లీస్ ఆసనం దిగి పోయాడు. వీతశోకుడు భిక్షువయ్యాడు.

సంయుత్త నికాయంలోని ఉపమ మాకు ఇంకా ప్రియమైనది. ఒకడు అంచుదాకా నిండిన నూనెపాత్రతో నడవాలి. ఒకవైపు జనసమూహం, మరొకవైపు ఆడిపాడే జనపదకల్యాణి. వెనుక కత్తి దూసినవాడు. ఒక్క బొట్టు ఒలికితే తల తెగుతుంది. భగవానుడు దీనిని కాయగతాస్మృతికి ఉపమగా చెప్పాడు. ఇక్కడ కత్తి ఉన్నా చూపు పాత్రపైనే.

ఈ మాటలు సూరత్‌లో చెప్పడానికి కారణమున్నది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాదిమంది ఈ నగరం విడిచారు. తెలంగాణ నుండి వచ్చిన నేతపనివారు కూడా రైలెక్కారు. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుండి వదలిన నీటితో తాపీ నగరాన్ని ముంచింది. వాన పట్టిందంటే నేటికీ ఇక్కడివారు ఉకాయి మట్టమెంతని విచారిస్తారు.

చరిత్ర చెప్పేవారిగా ఈ జాతీయంపై మాకొక అభ్యంతరం. కత్తి వేలాడుతోందనగానే దానిని కట్టిన చేయి మరుగున పడుతుంది. ప్లేగు భయం వెనుక ఎత్తని చెత్త, కదలని మురుగు ఉన్నాయి. 1995లో పురపాలక కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు మొదట చేపట్టినది వాటినే. అంతకు ముందు ఆ పని ఎందుకు జరగలేదని అడిగినవారు తక్కువ!

నూనెపాత్ర సుత్తాన్ని భిక్షువులు ఇప్పుడు పాళీలో పఠిస్తారు. మేము విరమిస్తున్నాము.