ప్రవేశపరీక్ష – అభ్యాసమహిమ
(సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము కోరిరి. విద్య సముద్రమువంటిది; ఒక్క యుపన్యాసమున దానిని దాటుట యసాధ్యము. కావున నేడు మన కుటుంబములలో తల్లిదండ్రుల నిద్రను, బిడ్డల యాకలిని హరించుచున్న యొక్క విషయమును మాత్రమే గ్రహించితిమి. అమెరికా కళాశాలలలో ప్రవేశించుటకై వ్రాయు శాట్ పరీక్షయందలి భాషాప్రశ్నలను, గణితప్రశ్నలను ఎట్లు అభ్యసింపవలయు ననునదియే ఆ విషయము. సముద్రముల కావల స్థిరపడిన మనవారి బిడ్డలు ఈ పరీక్షను వ్రాయుచున్నారు. హైదరాబాదు, విజయవాడ మొదలగు నగరములనుండియు కొందరు వ్రాయుచున్నారు.

విషయమున ప్రవేశించుటకు ముందు ఒక మాట మనవిచేయుదుము. మన సభలయందును, పెండ్లిపందిళ్లయందును "మనవారికి లెక్కలు పుట్టుకతోనే వచ్చును" అని మనలో మనము చెప్పుకొనుట కలదు. వినుటకు ఇంపైన మాటయే. కాని బిడ్డలకు కీడుచేయు మాట యని మా యభిప్రాయము. లెక్క వచ్చిన బిడ్డ "ఇది నాకు సహజము" అని అభ్యాసము మానును. రాని బిడ్డ "నావలన కులమునకు తలవంపు" అని లోలోన కుములును. ఒక్క పొగడ్త ఇద్దరిని చెరచుచున్నది.

ఈ పరీక్ష చరిత్రయే మనకు గొప్ప పాఠము. 1900 సంవత్సరమున అమెరికాలో కాలేజ్ బోర్డు అను సంస్థ యేర్పడెను. ఆ సంస్థ పక్షమున 1926 జూన్ 23వ తేదీన సుమారు 8,000 మంది విద్యార్థులు మొదటి శాట్ పరీక్షను వ్రాసిరి. దానిని కూర్చిన మండలికి నాయకుడు ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయపు మనస్తత్త్వశాస్త్రజ్ఞుడగు కార్ల్ బ్రిగమ్. ఆయన 1923లో ఒక గ్రంథము ప్రకటించి, మొదటి ప్రపంచయుద్ధకాలమున సైనికులకు పెట్టిన పరీక్షల ఫలితములను చూపి, బుద్ధి జాతినిబట్టి హెచ్చుతగ్గులుగా నుండునని వాదించెను. అయితే 1930లో తన నిర్ణయములకు పునాది లేదని తానే బహిరంగముగా ఒప్పుకొనెను. పరీక్షకు మొదట పెట్టిన పేరు సహజశక్తిని కొలుచు పరీక్ష యను నర్థము కలది. 1990 తరువాతి దశకమున 'సహజశక్తి' యను నర్థమునిచ్చు 'ఆప్టిట్యూడ్' పదమును తొలగించిరి. నేడు శాట్ అను పేరునకు విడిగా అర్థమే లేదు.

1946లో న్యూయార్కు నగరమందలి బ్రూక్లిన్ ప్రాంతమున, వలసవచ్చిన తల్లిదండ్రులకు పుట్టిన స్టాన్లీ కాప్లన్ అను యువకుడు తన యింటి నేలమాళిగలో విద్యార్థులకు ఈ పరీక్షకై శిక్షణ నీయసాగెను. శిక్షణవలన మార్కులు పెరుగవని పరీక్షాధికారులు చిరకాలము పలికిరి. 1979లో ఫెడరల్ ట్రేడ్ కమిషనువారి విచారణయందు శిక్షణకు కొంత ఫలము కలదని తేలెను. తుదకు 2015 నుండి కాలేజ్ బోర్డువారే ఖాన్ అకాడమీతో కూడి అభ్యాసపాఠములను ఉచితముగా అందించుచున్నారు. జన్మమునుండి అభ్యాసమునకు – ఇదియే ఆ పరీక్ష నడచిన త్రోవ. ఒక జాతి పెద్దతనమును నమ్మినవాని చేతిలో పుట్టిన పరీక్షయే ఆ నమ్మకమును విడువగా, మనము దానిని పట్టుకొని వ్రేలాడుట యుచితమా?

ఇక పరీక్షాస్వరూపమును చూతము. ఇప్పుడు దీనిని కంప్యూటరుపై వ్రాయుదురు. ఈ మార్పు అమెరికా వెలుపల 1923 తరువాత నూరేండ్లకు, అనగా 2023లో, అమెరికాలో 2024లో వచ్చినది. భాషాభాగమున 54 ప్రశ్నలు, 64 నిమిషములు. గణితభాగమున 44 ప్రశ్నలు, 70 నిమిషములు. ఒక్కొక్క భాగము మరల రెండు ఖండములు. మొదటి ఖండమున చూపిన నేర్పునుబట్టి రెండవ ఖండపు కాఠిన్యము మారును. కావున ఆరంభమున అజాగ్రత్త పనికిరాదు. ఒక్కొక్క భాగమునకు 200 నుండి 800 వరకు మార్కులు, మొత్తము 1600. లెక్కించి చూడగా భాషాప్రశ్నకు సుమారు 71 సెకనులు, గణితప్రశ్నకు సుమారు 95 సెకనులు లభించును. 2016 నుండి తప్పు జవాబునకు మార్కు తగ్గించుట లేదు. అందువలన ఏ ప్రశ్నను ఖాళీగా విడువరాదు. మన దేశమందలి జేఈఈ పరీక్షలో తప్పునకు మార్కు తగ్గింతురు. అచ్చట ఈ నియమము చెల్లదు. ఏ పరీక్షకు ఆ పరీక్ష ధర్మమును తెలిసికొనుట అభ్యాసమునకు మొదటి మెట్టు.

భాషాప్రశ్నలనుగూర్చి చెప్పుదుము. ఒక్కొక్క ప్రశ్నకు 25 నుండి 150 పదముల చిన్న వచనభాగము నిత్తురు. మన బిడ్డలు నిఘంటువును కంఠస్థము చేసిన చాలునని భ్రమింతురు. పదసంపద యవసరమే. అమరకోశమును వల్లించి పెరిగిన మేము కంఠస్థమును నిందింపము. కాని పదమునకు వాక్యమే యిల్లు. నైయాయికులు వాక్యార్థబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యని మూడు కారణములు చెప్పిరి. ఆంగ్లవాక్యమున ఖాళీని పూరించు బిడ్డకును ఇవియే దిక్కు. ఈ వాక్యము ఎట్టి పదమును కోరుచున్నది? ఆ పదము ఇచ్చట అర్థమున పొసగునా? ప్రక్కనున్న పదములు దేనిని సూచించుచున్నవి? ఈ మూడింటిని విచారించి, జవాబులను చూచుటకు ముందే తన మాటగా ఖాళీని పూరించుకొనవలయును. పిమ్మట ఇచ్చిన నాలుగు జవాబులలో దానికి దగ్గరగా నున్నదానిని గ్రహింపవలయును. ముందే జవాబులను చూచినవానికి నాలుగును సరియైనవిగానే తోచును.

సంస్కృతము చదివినవాడు 'తు' శబ్దము కడ ఆగును. అచ్చట అర్థము మలుపు తిరుగునని యెరుగును. తెలుగున 'అయితే', 'కాని' అను మాటలును అట్టివే. ఆంగ్లమున 'హవెవర్', 'ఆల్దో' అను పదములు ఆ పనినే చేయుచున్నవి. బిడ్డ చదువునప్పుడు ఇట్టి మలుపుపదముల కడ వ్రేలుంచి ఆగుట నేర్చిన, సగము ప్రశ్నలలో చిక్కు తానే విడును. ఇందులకు దినమునకు అరగంటసేపు మంచి ఆంగ్లవచనమును చదివి, చదివినదానిని రెండు వాక్యములలో తెలుగుననో ఆంగ్లముననో చెప్పించిన చాలును. ఈ పని ఆంగ్లము రాని తల్లియు చేయింపగలదు. బిడ్డ చెప్పునది పొందికగా నున్నదో లేదో వినిన తల్లికి తెలియును.

గణితప్రశ్నలయందు బీజగణితమునకు ప్రాధాన్యము మెండు. శాతములు, పట్టికలు, రేఖాగణితము, కొంత త్రికోణమితి యుండును. కాలిక్యులేటరును అంతటను వాడుకొననిత్తురు. కనుక కూడికలో వేగముకన్న ప్రశ్నను సరిగా చదువుటయే ముఖ్యము. ఉదాహరణము: ఒక వస్తువు వెల 100 రూపాయలు. దానిని నూటికి ఇరువదివంతున పెంచి, పిదప నూటికి ఇరువదివంతున తగ్గించిరి. వెల యెంత? తొందరపడిన బిడ్డ "నూరే" యనును. పెంచినప్పుడు 120, తగ్గించునది 120లో ఇరువదివంతు, అనగా 24. కావున వెల 96. మరియొకటి: ఒక సంఖ్యను మూడింతలు చేసి 5 కలిపిన 20 అగును. ఆ సంఖ్యనే ఆరింతలు చేసి 10 కలిపిన నెంత? బిడ్డ శ్రమపడి సంఖ్య 5 అని కనుగొని, జవాబులలో 5 కనబడగానే గుర్తుపెట్టి ముందునకు పోవును. అడిగినది అది కాదు. రెండవది మొదటిదానికి రెట్టింపని గమనించినవాడు ఒక్క క్షణమున 40 అని చెప్పును. లెక్క వచ్చియు మార్కు పోవుట ఇట్టి చోట్లనే.

లీలావతిని రచించిన భాస్కరాచార్యుడును, గణితసారసంగ్రహమును తెలుగుచేసిన పావులూరి మల్లనయు లెక్కలను పద్యములలో కూర్చిరి. పద్యము అర్థమైనగాని లెక్క పట్టువడదు. భాష వేరు, గణితము వేరని బిడ్డలను రెండు గుంపులు చేయుట మన పూర్వుల మతము గాదు.

ఇప్పుడు అభ్యాసపద్ధతి. వేయి ప్రశ్నలు చేసితినని లెక్క చెప్పుకొనుట యభ్యాసము గాదు. ప్రతి బిడ్డయు ఒక తప్పుల చిట్టాను ఉంచుకొనవలయును. వర్తకుడు దినాంతమున చిట్టా వ్రాయక నిదురింపడు గదా! తప్పిన ప్రశ్న, తానిచ్చిన జవాబు, తప్పునకు కారణము, మరల చేసిన తేదీ – ఈ నాలుగింటిని అందు వ్రాయవలయును. కారణము విషయము తెలియకపోవుటయా, ప్రశ్నను వేరుగా చదువుటయా, కాలము చాలకపోవుటయా యని విడదీయవలయును. ఊహచేత సరిపోయిన జవాబును గూడ చిట్టాకెక్కింపవలయును. అది అప్పు తెచ్చిన సొమ్మువంటిది. మూడు దినములకు, పిదప వారమునకు ఆ ప్రశ్నలను జవాబు చూడక మరల చేయవలయును.

ఇది మా యూహ మాత్రమే గాదు. 2006లో సెయింట్ లూయీ నగరమందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున రోడిగర్, కార్పికీ అను పరిశోధకులు ఒక పరీక్ష చేసిరి. పాఠమును మరల మరల చదివినవారు ఐదు నిమిషములకు మేలుగా చెప్పిరి. పుస్తకము మూసి జ్ఞప్తికి తెచ్చుకొని వ్రాసినవారు వారము తరువాత మేలుగా చెప్పిరి. చదువునపుడు సులువుగా తోచిన పద్ధతి పరీక్షనాటికి చేయి విడుచునని దీని సారము. ఒకే రకపు లెక్కలను వరుసగా చేయుటకన్న భిన్నరకములను కలిపి చేయుట మేలని తరువాతి పరిశోధనలును తెల్పినవి.

కాలేజ్ బోర్డువారు బ్లూబుక్ అను తమ సాధనమందు పూర్ణపరీక్షలను ఉచితముగా ఉంచిరి. అవి కొలదిగానే యున్నవి. వానిని ఒక్క మాసమున వ్యయము చేసికొనరాదు. రెండు మూడు వారముల కొకటి చొప్పున, ప్రాతఃకాలమున, ఫోనును దూరముగా నుంచి, గడియారము ననుసరించి వ్రాసి, తరువాతి రెండు దినములు చిట్టాకు వినియోగింపవలయును.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. మార్కును బంధువుల యెదుట చదువకుడు. పినతల్లి బిడ్డతో పోల్చకుడు. ఈ పరీక్షయే సర్వస్వము గాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు ప్రవేశనిర్ణయమున ఈ మార్కులను చూడరు. ఎం.ఐ.టి.వారు 2022లోను, హార్వర్డువారు 2024లోను దీనిని మరల విధించిరి. నియమములు మారుచుండును, బిడ్డకు అలవడిన చదువు మారదు.

ఇక సంఘమునకు మా ప్రార్థన. ధనవంతుని బిడ్డకు శిక్షణాలయము కలదు. గుమాస్తా బిడ్డకు, వితంతువు బిడ్డకు ఏమున్నది? పాఠములు ఉచితమే; కాని కంప్యూటరు, నిశ్శబ్దమైన గది, "ఇచ్చట ఎందుకు తప్పితివి?" అని యడుగు పెద్ద – ఇవి ఉచితముగా దొరకవు. ప్రతివత్సరము ప్రథమశ్రేణివారికి శాలువలు కప్పి, జ్ఞాపికలు ఇచ్చి సన్మానించుచున్నాము. ఆ బిడ్డలు మన శాలువ లేకున్నను పైకి వత్తురు. ఆ వ్యయములో సగమైనను సంఘభవనమున ఒక యభ్యాసశాలకు మరలింపుడు. సాయంకాలము రెండు గంటలు తలుపు తెరచి యుంచిన చాలును. శాట్ వ్రాయువారు కొందరే. ఈఏపీసెట్, జేఈఈ వ్రాయువారు పెక్కుమంది. చిట్టా అందరికి ఒక్కటే. అమెరికాలో చదువుచున్న మన పెద్దబిడ్డలు వారమునకొక గంట తెరమీద కనబడి చిన్నవారి చిట్టాలను పరిశీలించిన, అది చందాకన్న గొప్ప దానము. ఆడబిడ్డలు చీకటిపడకముందే ఇల్లు చేరునట్లు వేళలను కూర్చుడు. ఆ కారణముచేత వారిని మాన్పింపకుడు.

కడపటి మాట కొందరికి కష్టముగా నుండవచ్చును. ఆ గది తలుపుకడ కులమడుగవలదు. వీధిలోని యే బిడ్డ వచ్చినను కూర్చుండనిండు. బుద్ధి పుట్టుకతో రాదని మనము నిజముగా నమ్మితిమేని, ఆ నమ్మకమునకు సాక్ష్యము ఆ తలుపే. ప్రక్క బిడ్డ కూర్చుండినంతమాత్రమున మన బిడ్డ చిట్టాలో ఒక్క పంక్తియు తగ్గదు. కలిసి వాదులాడుకొని చేసిన లెక్క యిద్దరికిని నిలుచును.

ఈ ప్రార్థనను కార్యనిర్వాహకవర్గమువారు తీర్మానరూపమున సభ ముందుంచుదురుగాక యని కోరుచు, విరమించుచున్నాము.

స్వస్తి.