వరద తీసిన మొదటి రెండు రోజులు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

2021 నవంబరును మనలో ఎవరూ మరచిపోలేదు. సోమశిల నుంచి వదిలిన నీటితో పెన్న పొంగి నెల్లూరులో భగత్‌సింగ్ కాలనీ, కోవూరు మండలంలో ఊళ్లు మునిగాయి. పడుగుపాడు దగ్గర పట్టాల మీదికి నీరొచ్చి రైళ్లు ఆగిపోయాయి. అలాంటప్పుడు మనం ముందు అన్నం, దుప్పట్లు ఇస్తాం. అది సబబే. కానీ నీరు తీశాక బురదతో బయట పారేసే సామానులో పేదల జీవనాధారం కూడా ఉంటుంది. చేపలమ్మే అక్క ఎలక్ట్రానిక్ కాటా, ఎంబ్రాయిడరీ మిషన్ బోర్డు, చిన్న కొట్టు ఇన్వర్టరు అలాంటివే.

నీళ్లు తగిలితే బోర్డు పోయినట్టేనని అనుకుంటాం. నిజానికి ఫ్యాక్టరీల్లో టంకం వేశాక చాలా బోర్డులను కడిగే ఆరబెడతారు. చెరిచేది వరద నీటిలోని ఉప్పు, మురుగు. వాటికి కరెంటు తోడైతే రాగి గీతలను పచ్చగా తినేస్తుంది. అందుకే "పనిచేస్తుందేమో చూద్దాం" అని స్విచ్ వేయకూడదు. ప్లగ్గు పీకి, బ్యాటరీ తీసి పక్కన పెట్టాలి. ఉబ్బిన బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టనే కూడదు.

బురద ఎండకముందే బోర్డును మంచినీటితో, మెత్తని బ్రష్షుతో కడగాలి. చివర డిస్టిల్డ్ వాటర్ పోయాలి. ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చిప్పుల కింద చిక్కిన తడి కూడా తేలిగ్గా ఆరుతుంది. దానికి నిప్పు త్వరగా అంటుకుంటుంది కాబట్టి గాలి ఆడేచోట, మంటకు దూరంగా వాడాలి. తర్వాత రెండు మూడు రోజులు ఫ్యాను కింద ఆరనివ్వాలి. బియ్యంలో పెడితే ఉప్పు పోదు. ఆ ఉప్పు మన సముద్రతీరపు గాలిలోని తేమను మళ్లీ పీల్చుకుంటుంది. అలా బాగైందనుకున్న వస్తువు నెల తిరక్కుండా మొరాయిస్తుంది.

డిస్‌ప్లేలు, స్పీకర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు విప్పి విడిగా చూడాలి. ఇన్వర్టరు, టీవీ పవర్ బోర్డుల కెపాసిటర్లలో ప్లగ్గు తీశాక కూడా కరెంటు నిలిచి ఉంటుంది. వాటి జోలికి నేర్చినవాళ్లే వెళ్లాలి. ఆరాక మీటరుతో షార్ట్ లేదని చూసుకుని, మొదటిసారి సిరీస్ బల్బు మీదే కరెంటు ఇవ్వాలి.

అన్నీ బతుకుతాయని మేము చెప్పడం లేదు. ఆలస్యమైతే బతికేవి కూడా పోతాయని చెబుతున్నాం. కొత్త కాటా కొనివ్వడం మంచి సాయమే. దానికి చందాలు పోగుచేసేలోపు ఆ కుటుంబానికి ఎన్ని రోజుల బేరం పోతుందో ఆలోచించండి.

అందుకే తుఫాను కాలం రాకముందే ఒక బల్ల, నాలుగు బ్రష్షులు, మీటరు, ఆల్కహాల్ డబ్బాలు సిద్ధంగా ఉంచాలని, పదిమంది యువకులకు ఈ పని నేర్పించాలని మీ ముందు పెడుతున్నాం. దాతలు ఈ ఖర్చు భరిస్తే, వరద తీసిన మర్నాడే మన పిల్లలు ఏ మతమని అడక్కుండా ప్రతి గడపకూ వెళ్తారు, ఇన్షా అల్లాహ్. రిపేరు షాపుల సోదరులు వారానికి ఒక పూట వచ్చి నేర్పితే అది కూడా సదఖాయే.