భోపాల్‌పట్నం నుంచి కాళేశ్వరం దాకా
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తీర్థయాత్ర గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. కాశీ, రామేశ్వరం చూసొచ్చినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నేను మా ఊరి దగ్గర కాళేశ్వరం గురించి చెప్తాను. దగ్గర అన్నాను గాని, అది ఎంత దూరమో మా అవ్వకు తెలుసు.

మాది బస్తర్‌లోని భోపాల్‌పట్నం. ఛత్తీస్‌గఢ్ అనేసరికి యూనిట్‌లో అందరూ నన్ను హిందీవాడు అనుకున్నారు. లంగరులో పప్పు చూసి "ఉప్పు లేదు" అని తెలుగులో గొణిగితే ఒక నల్గొండ జవాను కంచం పట్టుకుని నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. మా ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో గోండి. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి మా వైపు నుంచే బస్తర్‌లోకి వచ్చాడని పెద్దలు చెప్పేవారు. అందుకేనేమో, మావాళ్ళ మొక్కులన్నీ నది అవతలే. మేడారం అవతలే, కాళేశ్వరం అవతలే.

కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు ఉంటాయి. ఒకటి కాళేశ్వరుడు, అంటే యముడు. రెండోది ముక్తేశ్వరుడు, శివుడు. ముందు యముడికి పూజ, తర్వాతే శివుడికి. ముక్తేశ్వర లింగానికి రంధ్రాలు ఉన్నాయి. అందులో పోసిన నీళ్ళు లోపలి నుంచి సంగమానికి చేరతాయని నమ్మకం. శ్రీశైలం, ద్రాక్షారామంతో కలిపి త్రిలింగ క్షేత్రాలంటారు. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసేది అక్కడే. సరస్వతి అంతర్వాహిని అంటారు, 2025 మే నెలలో ఆ నదికి పుష్కరాలు కూడా అక్కడే జరిగాయి.

2003 గోదావరి పుష్కరాలకు నేను జమ్మూ వైపు పోస్టింగులో ఉన్నాను. "కొడుకా, ఒక్కసారి కాళేశ్వరంల ముంచి తీస్కరా" అని అవ్వ కబురు. లీవు దొరికింది. రైల్లో రాయపూర్, అక్కణ్ణించి బస్సుల్లో జగదల్‌పూర్, గీదం, బీజాపూర్ మీదుగా ఐదో రోజుకు ఇల్లు చేరాను. జుట్టు పెంచుకుని వచ్చాను. ఐడీ కార్డు ట్రంకు అడుగున. ఊళ్ళో నేను నాగపూర్‌లో కంపెనీ పని చేస్తున్నట్టు లెక్క. ఆ రోజుల్లో మా వైపు ఫౌజీ అని తెలిస్తే ఇంట్లోవాళ్ళకు ఏమవుతుందోనని అవ్వ నేర్పిన అబద్ధం అది. ఇక్కడ కూర్చున్న కొందరికి ఈ సంగతి వివరించక్కరలేదు.

పుష్కరాలు వచ్చేది వానాకాలం. తిమేడు రేవులో ఇంద్రావతి ఒడ్డు తెగేలా పారుతోంది. వంతెన లేదు. రెండు రోజులు పోయి నిలబడ్డాం. పడవవాడు "తమ్మీ, ముసలమ్మను ఎక్కించుకుని నేను పోను" అన్నాడు. నాకు కోపం వచ్చింది, డబ్బు ఎక్కువ ఇస్తానన్నాను. వాడు చేసింది సరైన పని.

మూడో రోజు అవ్వే అన్నది, భద్రకాళి పోదామని. మా ఇంద్రావతి గోదావరిలో కలిసే చోటు అది. "కాళేశ్వరం నీళ్ళు ఈడికే గద వచ్చేది" అని కొంగు నడుముకు చుట్టుకుని దిగింది. పటం తీసి చూడండి, ఆమె మాట నిజమే. మ్యాప్ రీడింగ్‌లో మార్కులు తెచ్చుకున్నవాడిని, ఆ మాట నాకు తోచలేదు. అయినా వచ్చేటప్పుడు బండిలో "గుడి ఐతే చూడలే" అని ఒక్కసారి అన్నది. మళ్ళీ ఎప్పుడూ అనలేదు. నేను కూడా మళ్ళీ అడగలేదు. తర్వాత లీవులు వచ్చాయి, ఎండాకాలంలో కూడా వచ్చాయి. పెళ్ళిళ్ళు, ఇంటి కప్పు, ఏదో ఒకటి. 2005 తర్వాత మా దారులే మూతపడినట్టయ్యాయి.

2009 జనవరిలో ఆమెను తీసుకుపోయాను, మట్టి ముంతలో. ఇంద్రావతి పడవలో దాటి, పాతగూడెం నుంచి జీపులో అసరెల్లి, సిరొంచ. అక్కడ గోదావరికి మళ్ళీ పడవ. కాళేశ్వరంలో అస్థికలు కలిపి పిండం పెట్టాను. తిరిగి వచ్చేటప్పుడు తిమేడు పడవవాడు పైసలు తీసుకోలేదు. ముంతతో దాటినవాళ్ళ దగ్గర తీసుకోడట.

ఇప్పుడు ఇంద్రావతి మీద, సిరొంచ దగ్గర గోదావరి మీద వంతెనలు ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు మా ఇంటిదాన్ని మోటారు సైకిల్ మీద తీసుకుపోయి పొద్దుగూకేలోపు ఇల్లు చేరాను. గుళ్ళో ముక్తేశ్వరుడి మీద చెంబుడు నీళ్ళు పోస్తే, ఇవి ఎప్పటికి భద్రకాళి చేరతాయి అని లెక్క వేసుకుంటూ నిలబడ్డాను. వెనక క్యూలో వాళ్ళు జరగమన్నారు. మధ్యలో మేడిగడ్డ బ్యారేజీ ఒకటి ఉంది కదా, 2023 అక్టోబరులో పియర్లు కుంగింది అదే.

2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు. రైల్లో వచ్చేవాళ్ళు వరంగల్ దిగండి. అక్కడి నుంచి పరకాల, భూపాలపల్లి, మహదేవపూర్ మీదుగా 110 కిలోమీటర్ల పైనే. మంచిర్యాల దిగితే చెన్నూరు మీదుగా కూడా రావచ్చు. హైదరాబాద్ నుంచి మా ఊరికి నేషనల్ హైవే ఉంది, పాత నంబరు 202, ఇప్పుడు 163. లీవు దరఖాస్తు ముందే పెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వానలు పడకముందే ఒకసారి తీసుకుపోండి, పుష్కరాల దాకా ఆగొద్దు.

మా ఊరి మీదుగా వచ్చేవాళ్ళు మా ఇంట్లో దిగండి. ఇప్పుడు నేను ఫౌజీనని ఊరంతా తెలుసు.

జై హింద్.