వెన్నెముక దెబ్బలు – వాని చికిత్స
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో సాహిత్యమును గూర్చి ప్రసంగించువారు పలువురు కలరు. నన్ను మాత్రము వైద్యవిషయమేదైన చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. మన ప్రాంతపు బ్రతుకునకు మిక్కిలి దగ్గరిదని తోచి ఈ విషయమును ఎన్నుకొంటిని. చింతచెట్టెక్కి కాయలు దులుపువారు, బావిలో పూడిక తీయువారు, బేతంచెర్ల నాపరాతి గనులలోను మంగంపేట ముగ్గురాతి గనులలోను పనిచేయువారు, మిద్దెపైనుండి జారిపడువారు – వీరందరికిని ఈ ఆపద చేరువలోనే యున్నది. కర్నూలు మీదుగా పోవు జాతీయ రహదారిపై మోటారు ప్రమాదములు దీనికి తోడైనవి.

వెన్నెముక ఒకే ఎముక కాదు. మెడలో 7, వీపున 12, నడుమున 5 పూసలు. వాని క్రింద ఒకదానితో నొకటి అతుకుకొనిపోయిన పూసలు. వీని నడుమ గొట్టమువంటి త్రోవలో చిటికెనవ్రేలంత లావుగల వెన్నుపాము దిగును. బోరుబావిలోని మోటారునకు పైనుండి తీగ పోవునట్లు, మెదడు ఆజ్ఞలు దీనిద్వారా కాలుసేతులకు పోవును. తీగ తెగినచో మోటారు చెడకున్నను తిరుగదు. అట్లే వెన్నుపాము నలిగినవాని కాళ్లలో లోపమేమియు లేకున్నను అవి కదలవు, స్పర్శ తెలియదు, మలమూత్రములు స్వాధీనములో నుండవు. దెబ్బ మెడలో తగిలిన చేతులును పడిపోవచ్చును. తీగకు అతుకు వేయవచ్చును గాని, తెగిన వెన్నుపామును అతుకు విద్య నేటికిని మానవునకు చిక్కలేదు. అయితే పాము పూర్తిగా దెబ్బతినక కొంత మిగిలినప్పుడు కదలిక కొంతవరకు తిరిగి వచ్చుట కలదు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పవలసియున్నది. పడినప్పుడు పూస మాత్రమే విరిగి పాము క్షేమముగా ఉండవచ్చును. అట్టివానిని నలుగురు చేరి, ఒకరు చంకలు, ఒకరు కాళ్లు పట్టి ఎత్తుదురు. నడుము ఉయ్యాలవలె వంగును. లేదా ఆదరముతోనే కూర్చుండబెట్టి నీరు త్రాగింతురు. విరిగిన పూస అప్పుడు పామును నలుపును. కావున పడినవానిని కదలింపరాదు. మీదికి రాళ్లు దొరలుట, నిప్పు, నీరు వంటి అపాయమున్న తప్ప అచ్చటనే ఉంచి 108కి కబురు చేయవలెను. ఈ సేవ మన రాష్ట్రమున 2005 ఆగస్టు 15న ఆరంభమైనది. తప్పనిసరియైనచో ఒకరు తలను మెడను నిలకడగా పట్టుకొనగా, తక్కినవారు దుంగను దొర్లించినట్లు ఒక్కసారిగా ప్రక్కకు త్రిప్పి, తలుపుచెక్కపైకి చేర్చవలెను. ఆటోలో ముడుచుకొని కూర్చుండబెట్టుటకంటె కొంతసేపు వేచియుండుట మేలు. పుత్తూరు కట్టుపై మనవారికి నమ్మకము మెండు. చేతి ఎముక మాట ఎట్లున్నను, వెన్నెముక దెబ్బకు కట్టు గాని, తోముడు గాని పనికిరాదు.

కర్నూలులో 1957లో వైద్యకళాశాల ఏర్పడినది, కడపలో 2006లో. ఇట్టి పెద్దాసుపత్రులలో ఎక్సురే, స్కానులతో పరీక్షించి, అవసరమైనచో శస్త్రచికిత్స చేసి పాముపై ఒత్తిడిని తొలగించి, మరలతో, కడ్డీలతో పూసలను నిలుపుదురు. వీలైనంతవరకు మొదటి 24 గంటలలో చేయుట మంచిదని నేటి వైద్యుల అభిప్రాయము. ఆపరేషను ఎముకను నిలుపును. చచ్చిన నరమును బ్రతికింపదు. ఈ మాట బంధువులకు ముందే తెలియుట మంచిది. లేనిచో ఊరూరు తిరిగి, ఉన్న మడిచెక్క అమ్ముకొందురు.

అసలు చికిత్స అటుపిమ్మట మొదలగును. ప్రాచీన ఈజిప్టు వైద్యగ్రంథమొకటి ఇట్టి దెబ్బను చికిత్స చేయదగనిదిగా పేర్కొన్నది. మొదటి ప్రపంచయుద్ధమునాటికిని అధికసంఖ్యాకులు పడకపుండ్లతో, మూత్రదోషములతో మరణించుచుండిరి. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండివిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్మన్ అను వైద్యుడు ఈ రోగులను రేయింబవళ్లు రెండుగంటల కొకసారి ప్రక్కకు త్రిప్పించెను, మూత్రాశయమును శుచిగా కాపాడించెను, పని నేర్పించెను. 1948లో లండను ఒలింపిక్సు ఆరంభదినముననే చక్రాల కుర్చీలవారిచే విలువిద్యా పోటీ జరిపించెను.

దూరమేల? మనకు పొరుగుననే యున్న వేలూరులో డాక్టర్ మేరీ వర్గీస్ అను యువతి 1954లో మోటారు ప్రమాదమున నడుము క్రింది భాగము చచ్చుబడినను, చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. పిమ్మట విదేశములలో పునరావాసవైద్యము నేర్చి వచ్చి వేలూరులో ఆ శాఖకు నాయకత్వము వహించెను. అచ్చట 1966లో పునరావాసకేంద్రము వెలసినది.

ఇంటివారికి తెలియవలసినవి మరికొన్ని కలవు. పిరుదులు, మడమలు ఎఱ్ఱబారినవేమో ప్రతిదినము చూడవలెను. ఎఱ్ఱదనము కనబడిన చోట బరువు మోపరాదు. స్పర్శ లేనందున వేడినీరు కాల్చినను తెలియదు. సాధారణముగా 4 నుండి 6 గంటల కొకసారి శుభ్రమైన గొట్టముతో మూత్రము తీయుట రోగియే నేర్చుకొనవచ్చును. మెడలో దెబ్బతగిలినవారికి ఆ దిగువ శరీరమున చెమట సరిగా పోయదు. మన వైశాఖపుటెండలలో వారిని నీడలో ఉంచి తడిగుడ్డతో తుడుచుచుండవలెను. వారికి ఉన్నట్టుండి తీవ్రమైన తలనొప్పి వచ్చినచో ముందుగా లేపి కూర్చుండబెట్టి, మూత్రము బిగిసినదేమో చూచి, వెంటనే వైద్యుని పిలువవలెను.

కార్యదర్శిగారికి ఒక విన్నపము. మన గ్రంథాలయపు అరుగు రెండడుగుల ఎత్తున్నది. అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల వాలు చొప్పున, 24 అడుగుల బాట వేసినచో చక్రాల కుర్చీ తనంతట లోపలికి వచ్చును. రాయి మనకు కొదువ లేదు. నున్నగా పాలిషు పెట్టించక గరుకుగా వదలిపెట్టింపుడు, వానకు జారును.