భూమి కింద రైల్వే స్టేషన్

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

మెట్రో గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మన హైదరాబాద్ మెట్రో 2017 నవంబర్‌లో మొదలైంది. అందులో కట్టిన స్టేషన్లన్నీ స్తంభాల మీదివే. అందుకే నేను కొన్నేళ్లు పనిచేసిన చెన్నై సంగతి చెబుతాను. శ్రీరాంపూర్‌లో నిలబడి భూమి కింది పని గురించి మాట్లాడటమంటే తాతకు దగ్గులు నేర్పడమే. ఈ హాల్లో సగం మందిమి బాయి పని చేసినవాళ్ల పిల్లలమే కదా.

మంచిర్యాలలో రైలెక్కి చెన్నై సెంట్రల్‌లో దిగి బయటికొస్తే దగ్గర్లోనే తెల్లగా రిప్పన్ బిల్డింగ్ కనిపిస్తుంది. అది 1913 నాటిది. దాని పక్కన అంతకన్నా పాతదైన విక్టోరియా పబ్లిక్ హాల్. ఈ పాత కట్టడాల పక్కనే, నేల కింద సెంట్రల్ మెట్రో ఉంది. రెండు లైన్లు అక్కడ కలుస్తాయి కాబట్టి ప్లాట్‌ఫారాలు రెండు అంతస్తుల్లో కట్టారు. విస్తీర్ణం సుమారు 70,000 చదరపు మీటర్లు. 2018 మే 25న తెరిచారు.

దేశంలో మొదటి భూగర్భ మెట్రో 1984 అక్టోబర్ 24న కలకత్తాలో నడిచింది. అప్పుడు మేం పదో తరగతి. అక్కడ చాలాచోట్ల రోడ్డును పైనుంచి తవ్వి, కట్టి, మళ్లీ పూడ్చారు. ఆ ఊరివాళ్లు ఏళ్ల తరబడి అవస్థ పడ్డారు. ఇప్పుడు ఇంకో పద్ధతి ఉంది. ముందు చుట్టూ సన్నటి లోతైన కందకం తవ్వుతారు. గట్లు కూలకుండా బెంటోనైట్ బురద నింపుతారు. అందులోకి ఇనుప చట్రం దించి, గొట్టంతో అడుగునుంచి కాంక్రీటు పోస్తుంటే బురద పైకి వచ్చేస్తుంది. అలా గోడలు లేచాక పైకప్పు పోస్తారు. ఆ తర్వాతే దాని కింద మట్టి తవ్వుకుంటూ దిగుతారు. కప్పు ముందు, నేల తర్వాత.

ఆ ఏడు ఎండాకాలంలో మా బాపు వచ్చాడు. బాయిలో సపోర్టు పని చేసి రిటైరైన మనిషి. స్టేషన్లోకి దిగాక ఆ లైట్లు, ఎస్కలేటర్లు, ప్లాట్‌ఫారం అంచున అద్దాల తలుపులు ఏవీ చూడలేదు. తలెత్తి కప్పు చూశాడు. స్తంభాన్ని వేలి కణుపులతో కొట్టి చెవి దగ్గర పెట్టాడు. బాయిలో కప్పును రాడ్‌తో కొట్టి చూస్తారు. బోలు చప్పుడొస్తే రాయి విడిందన్నట్టు.

"ఇది కూలదు బాపూ. ఇక్కడి భయం వేరే" అన్నాను.

చెన్నైలో కొద్ది లోతుకే నీళ్లు తగులుతాయి. ఆ నీళ్లలో దించిన ఖాళీ పెట్టె లాంటిది స్టేషన్. నీటిమట్టం నుంచి పది మీటర్లు దిగితే ప్రతి చదరపు మీటరు నేలనూ పది టన్నుల బలం పైకి తోస్తుంది. తొమ్మిదో తరగతిలో సైన్స్ సారు బకెట్లో గిన్నె ముంచి చూపించిన ఆర్కిమెడిస్ సూత్రమే ఇది. స్టేషన్ పడవలా తేలకుండా గోడలు, నేల, కప్పు మీది మట్టి, అన్నీ కలిసి తమ బరువుతో పట్టి ఉంచాలి. సారు ఇక్కడే ఉన్నారు. ఆ రోజు నేను సరిగా వినలేదని ఆయనకు గుర్తుండే ఉంటుంది.

ఒకసారి వేరే స్టేషన్లో రెండు గోడ పలకల అతుకు దగ్గర నీళ్లు ఊరాయి. వేలంత ధార. నీళ్లొక్కటే వస్తే పంపు పెట్టొచ్చు. ఇసుక కూడా వస్తోంది. అంటే పైన రోడ్డు కింద బోలు పడుతోందన్నమాట. తెల్లవారేదాకా గ్రౌటింగ్ చేయించాం. ధార ఆగేదాకా నాకు పైన తిరిగే బస్సులే కళ్లముందు ఆడాయి.

ఇదంతా విని బాపు అన్నాడు: "అంటే బాయిల పైకెళ్లి భయం, ఈడ కిందికెళ్లి." తర్వాత గాలి ఎట్ల వస్తదని అడిగాడు. పొగ లేస్తే ఫ్యాన్లు జనానికి ఎదురు దిక్కుకు పొగను లాగేస్తాయని చెప్పాను. మన బాయిలో ఫ్యాను ఆగితే మనుషులను బయటికి తెచ్చేవారు కదా, అది గుర్తు చేసుకున్నాడు.

చివరికి, "రెండో తొవ్వ ఏది?" అన్నాడు. బాయికి బయటపడే దారులు రెండుండాలి, అది చట్టం. నేను అవతలి చివరనున్న మెట్లు చూపించాను. ఎస్కలేటర్ వద్దని ఆ మెట్లే ఎక్కాడు, మధ్యలో రెండుసార్లు ఆగి. వెనకాల నేనూ ఎక్కాను.